ఏ లోహాన్ని పట్టుకుని వచ్చింది?

గన్నవరం నుంచి హనుమాన్ జంక్షన్ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఏ ఎరువుల కొట్టులో అడిగినా 'చిలేటెడ్ జింక్ 12 శాతం' అని అచ్చువేసిన పొట్లం ఇస్తారు. నాట్లు వేసిన కొన్ని వారాలకు పైనుంచి మూడు నాలుగు ఆకుల్లో ఈనె మొదలు తెల్లబడి, ముదురాకుల కొసల్లో తుప్పు మచ్చలు కనిపిస్తే అది జింక్ లోపమని డెల్టా రైతుకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. దమ్ము చేసి నెలల తరబడి నీళ్లు నిలబెట్టే మాగాణిలో జింక్ ఉన్నా మొక్క వేరుకు అందే రూపంలో ఉండదు. అందుకే రెండు మూడు పంటలకోసారి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. దాన్ని డీఏపీతో కలిపి చల్లవద్దని కూడా చెబుతారు. భాస్వరం, జింక్ కలిస్తే నీటిలో కరగని జింక్ ఫాస్ఫేట్ తయారై రెండూ మొక్కకు దక్కకుండా పోతాయి. చిలేటెడ్ జింక్‌కు ఈ బెడద తక్కువ. అందులో జింక్ ఒంటరిగా ఉండదు, ఈడీటీఏ అనే సేంద్రియ అణువు పట్టులో ఉంటుంది.

ఆ ఈడీటీఏకి దగ్గరి బంధువు డీటీపీఏ. ప్లుటోనియం, అమెరీషియం వంటి రేడియోధార్మిక లోహాలు మనిషి ఒంట్లోకి చేరినప్పుడు వాటిని బయటికి లాగడానికి ఆసుపత్రిలో ఎక్కించే మందు ఇదే. పైరు విషయంలో ఈ కుటుంబం జింక్‌ను లోపలికి తీసుకొస్తుంది. మనిషి విషయంలో, సరిగ్గా వాడకపోతే, ఉన్న జింక్‌ను బయటికి తీసుకుపోతుంది. ఒకే కుటుంబపు అణువులు ఒకచోట పోషణగానూ మరోచోట నష్టంగానూ ఎందుకు మారతాయో అర్థమైతే ఈ చికిత్స మంచీ చెడూ చాలావరకు అర్థమైనట్టే.

నీటిలో కరిగిన లోహ పరమాణువుకు ధనావేశం ఉంటుంది. నత్రజని, ఆక్సిజన్ పరమాణువుల దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్ జంటలు ఉంటాయి. అవి లోహానికి అతుక్కుంటాయి. మామూలు అణువు ఒక్కచోట అతుక్కుంటే, ఈడీటీఏ పీత డెక్కల్లాగా చుట్టూ కమ్ముకుని ఒకేసారి ఆరుచోట్ల పట్టుకుంటుంది. డీటీపీఏకి ఎనిమిది పట్లు ఉంటాయి. ఒక పట్టు జారినా మిగిలినవి వదలవు కాబట్టి లోహం మళ్లీ జారిన పట్టుకే దొరుకుతుంది. ఇలా చిక్కిన లోహం నీటిలో కరిగే ఉంటుంది, కణాలకు అంటుకోదు, మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. ఈ పట్టుకోవడాన్నే చిలేషన్ అంటారు.

పట్టు అన్ని లోహాలమీదా ఒకేలా ఉండదు. డీటీపీఏ కాల్షియంను పట్టుకునే బలం కంటే జింక్‌ను పట్టుకునే బలం కొన్ని కోట్ల రెట్లు ఎక్కువ. జింక్ కంటే అమెరీషియం మీద పట్టు మరికొన్ని వేల రెట్లు ఎక్కువ. ప్లుటోనియం మీద ఇంకా ఎక్కువ. కాబట్టి కాల్షియంతో ఒంట్లోకి వెళ్లిన డీటీపీఏకి దారిలో జింక్ ఎదురైతే కాల్షియంను వదిలేసి జింక్‌ను పట్టుకుంటుంది. ప్లుటోనియం ఎదురైతే జింక్‌ను కూడా వదిలేస్తుంది. మందు సీసాలో ఏ లోహం ఉంది, రక్తంలో ఏ లోహం ఎదురుచూస్తోంది అన్న రెండు ప్రశ్నల మధ్యే ఈ చికిత్స అంతా నడుస్తుంది.

పట్టులో వేరే ఏ లోహమూ లేకుండా, సోడియం లవణంగా మాత్రమే లోపలికి వెళ్లే ఈడీటీఏ సంగతి ముందు చూద్దాం. సీబీపీ పరీక్షకు రక్తం తీసి ఊదారంగు మూత ఉన్న గొట్టంలో పోయడం అందరూ చూసే ఉంటారు. ఆ గొట్టం లోపలి గోడకు పూసి ఉన్నది ఈడీటీఏ పొటాషియం లవణం. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. ఈడీటీఏ కాల్షియం మొత్తాన్నీ పట్టేసుకుంటుంది, రక్తం గడ్డకట్టకుండా ద్రవంగానే ఉండిపోతుంది. ఆ గొట్టంలోని రక్తంతో కాల్షియం పరీక్ష చేస్తే అసలు లెక్క రాదు కనుక దానికి వేరే గొట్టం వాడతారు. గొట్టంలో ఉపయోగపడే ఈ గుణమే మనిషి రక్తనాళంలోకి ఎక్కిస్తే ప్రాణాంతకం.

కాల్షియం ఉన్నట్టుండి పడిపోతే ఏమవుతుందో గేదెలను మేపే ప్రతి ఇంటికీ తెలుసు. ఈనిన ఒకటి రెండు రోజుల్లో పాలిచ్చే గేదె లేవలేక, మెడ డొక్కవైపు తిప్పుకుని, చెవులు చల్లబడి పడిపోతుంది. అది పాలజ్వరం. పేరులో జ్వరం ఉన్నా ఒళ్లు వేడెక్కదు, చల్లబడుతుంది. జున్నుపాలలోకి ఒక్కసారిగా వెళ్లిపోయిన కాల్షియం రక్తంలో మళ్లీ నిండేలోపే కండరాలు పనిచేయడం మానేస్తాయి. పశువైద్యుడు వచ్చి కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసా నరానికి ఎక్కిస్తే పడుకున్న గేదె కాసేపటికి లేచి నిలబడుతుంది. గన్నవరంలోనే ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు మొదట నేర్చుకునే అత్యవసర చికిత్సల్లో ఇదొకటి. పాలజ్వరం మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలకు ఆవులో కాల్షియంను కావాలని తగ్గించాల్సిన అవసరం వస్తుంది. అప్పుడు వాళ్లు వాడేది సోడియం ఈడీటీఏనే. నరానికి ఎక్కిస్తుంటే పాలజ్వరం లక్షణాలు కళ్లముందే ఒక్కొక్కటిగా వస్తాయి.

ఇదే మనుషుల్లోనూ జరిగింది. 2003 నుంచి 2005 మధ్య అమెరికాలో చిలేషన్ చికిత్స తర్వాత కాల్షియం పడిపోయి ముగ్గురు చనిపోయారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2006లో ప్రకటించింది. ఒకరు ఒరెగాన్‌లో 53 ఏళ్ల మహిళ. ఒకరు పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న అయిదేళ్ల బాబు. ఇంకొకరు టెక్సాస్‌లో రెండేళ్ల పాప. ఆ పాపకు రక్తంలో సీసం ఎక్కువగా ఉంది, ఆసుపత్రిలోనే ఉంది, చిలేషన్ అవసరమైన బిడ్డే. ఎక్కించాల్సింది కాల్షియం డైసోడియం ఈడీటీఏ. ఎక్కించింది డైసోడియం ఈడీటీఏ. పేరులో ఒక్క 'కాల్షియం' తేడా. మొదటిది కాల్షియంను తనతోనే తెచ్చుకుంటుంది, సీసం కనబడితే దాన్ని తీసుకుని కాల్షియంను రక్తంలోనే వదిలివెళుతుంది. రెండోది ఖాళీ చేతులతో వచ్చి రక్తంలోని కాల్షియంను ఊడ్చుకుపోతుంది. చికిత్స పేరు ఒకటే, రసాయనం దాదాపు ఒకటే. ఆ పాప బతకాలంటే సీసా మీది చీటీని ఒకరు నిదానంగా చదివి ఉండాల్సింది.

ఇక రేడియోధార్మిక లోహాల సంగతి. ఇవి శరీరంలో అంత తేలిగ్గా ఇల్లు కట్టుకోవడానికి కారణం అవి మనకు కావలసిన ఖనిజాల వేషంలో రావడమే. స్ట్రాన్షియం కాల్షియంలా ప్రవర్తించి ఎముకలో చేరుతుంది. సీజియం పొటాషియంలా కండరాల్లోకి దూరుతుంది. ప్లుటోనియం ఇనుముకు నకలు. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ దాన్ని ఇనుమనుకునే ఎత్తుకుంటుంది. ఎముకకు, కాలేయానికి చేరిన ప్లుటోనియంలో సగం బయటికి పోవాలంటే ఎముక నుంచి సుమారు 50 ఏళ్లు, కాలేయం నుంచి సుమారు 20 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ అది పక్కనున్న కణాల మీదికి ఆల్ఫా కణాలను విసురుతూనే ఉంటుంది.

వేషం ఇంత బాగా కుదిరినప్పుడు దొంగను పట్టుకోబోయి ఇంటివాణ్ణి పట్టుకునే ప్రమాదం తప్పదు. స్ట్రాన్షియం విషయంలో ఇదే చేతులు కట్టేసింది. డీటీపీఏకి స్ట్రాన్షియం కంటే కాల్షియం మీదే పట్టు ఎక్కువ. ఒంట్లో కిలో దాకా కాల్షియం ఉంటే స్ట్రాన్షియం వంతు ఎప్పటికీ రాదు. అందుకే స్ట్రాన్షియంకు చిలేషన్ పనికిరాదు. పేగులో ఉండగానే దాన్ని ఆపే ఆల్జినేట్ వంటి దారులు వెతుక్కోవాల్సి వచ్చింది.

ప్లుటోనియం, అమెరీషియం, క్యూరియం విషయంలో మాత్రం డీటీపీఏ నిజంగా పనిచేస్తుంది. దీనికి అత్యంత గట్టి సాక్ష్యం ఒక్క మనిషి. 1976 ఆగస్టు 30న అమెరికాలోని హాన్‌ఫర్డ్ ప్లుటోనియం కర్మాగారంలో హెరాల్డ్ మెక్‌క్లస్కీ అనే 64 ఏళ్ల ఉద్యోగి గ్లవ్‌బాక్స్ అనే మూసిన పెట్టె ముందు నిలబడి ఉండగా అందులోని రసాయన గొట్టం పేలింది. ఆ గొట్టంలో సమ్మె వల్ల నెలల తరబడి కదపకుండా ఉన్న రెజిన్‌కు గాఢ నైట్రికామ్లం తగిలింది. గాజు ముక్కలు, ఆమ్లం, అమెరీషియం-241 కలిసి ఆయన ముఖంలోకి, మెడలోకి, ఊపిరిలోకి వెళ్లాయి. ఉద్యోగి జీవితకాలంలో అనుమతించే మోతాదుకు సుమారు 500 రెట్లు అని అప్పట్లో అంచనా వేశారు. రెండు గంటల్లోపే కాల్షియం డీటీపీఏ ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత జింక్ డీటీపీఏకి మార్చి నాలుగేళ్లకు పైగా కొనసాగించారు. మొత్తం 583 గ్రాములు. మెక్‌క్లస్కీ ఇంకా 11 ఏళ్లు బతికారు. 1987లో గుండెజబ్బుతో చనిపోయారు. శవపరీక్షలో క్యాన్సర్ కనిపించలేదు.

నన్ను ఆపేసిన వివరం 583 గ్రాములు. మామూలు మోతాదు రోజుకు ఒక గ్రాము. అది కాల్షియం డీటీపీఏ అయితే ఏమవుతుందో లెక్క వేద్దాం. ఒక గ్రాము కాల్షియం డీటీపీఏ పూర్తిగా జింక్‌తో నిండితే సుమారు 130 మిల్లీగ్రాముల జింక్‌ను పట్టుకోగలదు. మనిషి ప్లాస్మా మొత్తంలో ఉండే జింక్ మూడు మిల్లీగ్రాములకు అటూ ఇటూ. అంటే రక్తద్రవంలో తిరిగే జింక్‌కు నలభై రెట్ల చోటు ఒక్క మోతాదులోనే ఖాళీగా ఉంటుంది. ఆ చోటంతా నిండదు నిజమే, మందు కొద్ది గంటల్లోనే మూత్రంలో వెళ్లిపోతుంది. అయినా ప్రతి రోజూ పోతూ ఉంటే ఒంట్లో ఉన్న రెండు గ్రాముల జింక్ నిల్వ మీద ఆ బరువు పడక మానదు. నాలుగేళ్లు ఇలా సాగితే తట్టుకోవడం కష్టం. మెక్‌క్లస్కీని బతికించిన వాటిలో మందు అమెరీషియంను లాగిన గుణంతోపాటు జింక్‌ను తన వెంట తెచ్చుకున్న గుణం కూడా ఉంది.

జింక్ లేకపోతే ఏం పోతుంది? శరీరంలో వందలాది ఎంజైములకు జింక్ కావాలి. డీఎన్ఏ రాసుకునే, చదువుకునే ప్రోటీన్లకు కావాలి. కాబట్టి ఎక్కడ కణాలు త్వరత్వరగా విభజన చెందుతాయో అక్కడే ముందు దెబ్బ కనిపిస్తుంది: పేగు లోపలి పొర, ఎముక మజ్జ, చర్మం, కడుపులోని పిండం. కుక్కల మీద చేసిన పాత ప్రయోగాల్లో కాల్షియం డీటీపీఏ రోజువారీ మోతాదును ఒకేసారి ఇస్తే తట్టుకున్నాయి. అదే మోతాదును చిన్నచిన్న భాగాలుగా రోజంతా గంటల తేడాతో ఇస్తే పేగు పొర పాడై చనిపోయాయి. చిన్న మోతాదులే ఎందుకు చంపాయన్నది మొదట్లో వింతగా అనిపిస్తుంది. ఒకేసారి ఇచ్చినప్పుడు మందు వెళ్లిపోయాక మిగిలిన గంటల్లో జింక్ మళ్లీ సర్దుకుంటుంది. విడతలుగా ఇస్తే ఆ తెరిపి దొరకదు. జింక్ డీటీపీఏని అలాగే ఇచ్చినప్పుడు ఈ నష్టం జరగలేదు.

మరైతే మొదటినుంచీ జింక్ డీటీపీఏనే ఇవ్వొచ్చు కదా అని అడగొచ్చు. ఇక్కడ ముందు చెప్పిన పట్టు లెక్కే అడ్డొస్తుంది. కాల్షియంను తేలిగ్గా వదిలేసే డీటీపీఏ ప్లుటోనియంను తేలిగ్గా అందుకుంటుంది. జింక్‌ను గట్టిగా పట్టుకున్న డీటీపీఏ అంత చురుగ్గా ఉండదు. ప్రమాదం జరిగిన మొదటి 24 గంటల్లో రేడియోధార్మిక లోహం ఇంకా రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. ఎలుకల్లో ఆ తొలి గంటల్లో కాల్షియం రూపం జింక్ రూపం కంటే సుమారు పది రెట్లు ఎక్కువగా పనిచేసింది. ఒక రోజు గడిచాక లోహం చాలావరకు ఎముకలోకి, కాలేయంలోకి చేరిపోతుంది. డీటీపీఏ కణాల్లోకి, ఎముకలోకి అంతగా వెళ్లలేదు, కొంచెం కొంచెంగా బయటికి వచ్చేదాన్ని మాత్రమే పట్టుకోగలదు. అప్పటికి రెండు రూపాల మధ్య పెద్ద తేడా ఉండదు. కాబట్టి మొదటి మోతాదు కాల్షియం డీటీపీఏ ఒక గ్రాము, మర్నాటి నుంచి జింక్ డీటీపీఏ ఒక గ్రాము. గర్భిణికి మాత్రం మొదటి మోతాదు నుంచే జింక్ రూపం. కడుపులోని బిడ్డకు జింక్ కొరత లోపాలు తేగలదని జంతువుల్లో తేలింది. ఈ రెండు మందులకూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004 ఆగస్టులో అనుమతి ఇచ్చింది. జింక్ రూపం దొరక్క కాల్షియం రూపమే కొనసాగించాల్సి వస్తే నోటి ద్వారా జింక్ మాత్రలు ఇవ్వాలి. మెగ్నీషియం, మాంగనీస్ కూడా పోతాయి కాబట్టి వాటినీ చూస్తూ ఉండాలి.

'చూస్తూ ఉండాలి' అన్నది రాయడం తేలిక. రక్తంలో జింక్ కొలవడమే ఒక జాగ్రత్త పని. మామూలు గొట్టం రబ్బరు మూత నుంచే జింక్ ఊరి లెక్క తప్పవచ్చు. ఈడీటీఏ ఉన్న ఊదారంగు గొట్టం అసలే పనికిరాదు. సూక్ష్మలోహాల పరీక్ష కోసం ముదురునీలం మూత గొట్టాలు వేరుగా ఉంటాయి. మొదటి మోతాదు ఎక్కించకముందే ఆ గొట్టంలో రక్తం తీసి పెట్టకపోతే, వారం తర్వాత జింక్ తగ్గిందో మొదటినుంచే తక్కువో తేల్చడం కష్టం. తిండిలో బియ్యం తప్ప పెద్దగా ఏమీ లేని కూలి మనిషికి మొదట్లోనే జింక్ తక్కువగా ఉండే అవకాశం ఉంది. ఆకు మీద తుప్పు మచ్చలు చూసి చిలేటెడ్ జింక్ కొనే మనం, ఆ వరి తినే మనిషి ఒంట్లో జింక్ ఎంతుందో ఎప్పుడూ కొలవం. ఇది నాకు బాధ కలిగించే విషయం.

అణు ప్రమాదాల్లో ఈ మందు వాడిన అనుభవం తక్కువే. చిలేషన్‌తో ఏళ్ల తరబడి బతికే మనుషులు మాత్రం మన మధ్యే ఉన్నారు. వాళ్లు తలసీమియా పిల్లలు. నెలకోసారి రక్తం ఎక్కించుకునే వాళ్ల ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దాన్ని తీయడానికి డెస్‌ఫెరాక్సమిన్ సూదులో డెఫెరాసిరాక్స్ మాత్రలో జీవితాంతం వాడాలి. హైదరాబాద్‌లో 1998లో మొదలైన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ దగ్గరికి రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలు వస్తారు. డెస్‌ఫెరాక్సమిన్ వల్ల వినికిడి దెబ్బతిన్న కొందరు రోగులకు 1980ల్లో విదేశీ వైద్యులు బదులుగా కాల్షియం డీటీపీఏ ఇచ్చి చూశారు. ఇనుము బయటికి వచ్చింది, జింక్ కూడా పోయింది, జింక్ మాత్రలు తోడు ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పటి మాత్రల్లో డెఫెరిప్రోన్ వాడే పిల్లల్లోనూ జింక్ చూసుకోమని వైద్యులకు సూచన ఉంటుంది. అణు ప్రమాదానికి సిద్ధం కావాలనుకునే ఆసుపత్రికి చిలేషన్ మందుల అసలు అనుభవం కావాలంటే ఈ తలసీమియా వార్డుల్లోనే దొరుకుతుంది.

సీజియం కథ కొంచెం వేరు. 1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గొయానియాలో మూసేసిన ఒక రేడియోథెరపీ క్లినిక్ నుంచి పాత యంత్రాన్ని ఇద్దరు ఎత్తుకెళ్లి పాత సామాను కొట్టుకు అమ్మారు. పగలగొడితే చీకట్లో నీలంగా మెరిసే పొడి. పిల్లలు ఒంటికి పూసుకున్నారు. 249 మందికి ఆ పొడి అంటింది, నలుగురు చనిపోయారు. 46 మందికి ప్రష్యన్ బ్లూ తినిపించారు. చిత్రకారులు వాడే నీలిరంగు పదార్థమే ఇది. పేగు దాటి రక్తంలోకి వెళ్లదు. పేగులోకి పదేపదే వచ్చిపోయే సీజియంను తన స్ఫటికంలో బంధించి మలంతో తీసుకుపోతుంది. పెద్దవారిలో సీజియం సగానికి తగ్గే కాలం 80 రోజుల నుంచి 25 రోజులకు దిగింది. సీజియం వేసుకున్న వేషం పొటాషియంది కాబట్టి ఇక్కడ చూసుకోవాల్సింది పొటాషియం. కొందరు రోగుల్లో అది తగ్గింది, మలబద్ధకం కూడా కొందరికి వచ్చింది. మన దేశంలో ప్రష్యన్ బ్లూ మందును రక్షణ పరిశోధన సంస్థకు చెందిన ఢిల్లీలోని ఇన్‌మాస్ రూపొందించింది.

పాత సామాను కొట్టు మన దేశంలోనూ ఉంది. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురిలో, ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత యంత్రంలోని కోబాల్ట్-60 కడ్డీలను తుక్కు కార్మికులు విప్పారు. ఒకరు చనిపోయారు. అక్కడ లోహం ఘనంగా ఉండి బయటినుంచి కిరణాలు తగలడమే ప్రధానం కాబట్టి చిలేషన్‌కు పెద్దగా పనిలేదు. కిరణం తగలడం, ధూళి ఒంట్లోకి పోవడం వేర్వేరు ప్రమాదాలు. చిలేషన్ రెండోదానికే పనికొస్తుంది. మాయాపురిలో ఆ ముక్కలను వెతికి తీసినవాళ్లలో జాతీయ విపత్తు స్పందన దళం, ఎన్డీఆర్ఎఫ్, వాళ్లున్నారు. ఆ దళం 10వ బెటాలియన్ ఇప్పుడు గన్నవరం మండలం కొండపావులూరులోనే ఉంది. అక్కడి ప్రాంగణాన్ని, పక్కనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణాన్ని 2025 జనవరి 19న కేంద్ర హోంమంత్రి అమిత్ షా ప్రారంభించారు. వరదల్లో పడవలు నడిపే ఈ దళానికే రసాయన, రేడియోధార్మిక ప్రమాదాల శిక్షణ కూడా ఉంటుంది. వాళ్లు చేసే తొలి పని చాలా మామూలుగా కనిపిస్తుంది: ఒంటిమీది బట్టలు విప్పించి సంచిలో కట్టడం, గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కడగడం. బట్టలు తీయడంతోనే అంటిన ధూళిలో అత్యధిక భాగం పోతుంది. ధూళి ఊపిరిలోకి పోకుండా ఆ కొద్ది నిమిషాల్లో ఎంత ఆపగలిగితే తర్వాత డీటీపీఏకి అంత తక్కువ పని, జింక్ మీద అంత తక్కువ బరువు.

ఇంత జాగ్రత్తగా వాడాల్సిన చికిత్సను పెద్ద ఊళ్లలో కొన్నిచోట్ల 'ఒంట్లో భార లోహాలు కడిగేస్తాం', 'బైపాస్ లేకుండా గుండె నరాల అడ్డు కరిగిస్తాం' అని డబ్బు తీసుకుని ఎక్కిస్తున్నారు. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను, ఊహతో కాదు. గుండెపోటు వచ్చిన 1708 మందిమీద అమెరికా, కెనడాల్లో చేసిన టాక్ట్ అధ్యయనం 2013లో కొద్దిపాటి మేలు చూపింది, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారిలో. ఆ ఆశ నిజమేనా అని గుండెపోటు వచ్చిన మధుమేహ రోగుల్లోనే రెండోసారి పరీక్షించారు. 2024లో వచ్చిన ఫలితం: రక్తంలో సీసం 61 శాతం తగ్గింది, గుండెపోట్లు, మరణాలు తగ్గలేదు. లోహం బయటికి వచ్చింది, మనిషికి మేలు జరగలేదు. సీసం, అమెరీషియం వంటి నిజమైన శత్రువు ఒంట్లో ఉందని కొలిచి తేల్చకుండా ఈ మందు ఎక్కిస్తే అది పట్టుకోవడానికి మిగిలేవి మన సొంత ఖనిజాలే.

తెలుగు నేలమీద రేడియోధార్మిక లోహం అంటే అందరికీ గుర్తొచ్చేది కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె. కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ అక్కడ యురేనియం గని తవ్వి, 2012లో శుద్ధి కర్మాగారం మొదలుపెట్టింది. వ్యర్థాల చెరువు పక్కనున్న కె.కె. కొట్టాల గ్రామస్తులు బోరు నీళ్లు పాడయ్యాయని, పంటలు ఎండుతున్నాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. తమ చెరువు దీనికి కారణం కాదని సంస్థ అంటోంది. ఆ ఊరివాళ్లకు చిలేషన్ ఇవ్వొచ్చా అని నన్ను అడిగినవారున్నారు. యురేనియంకు డీటీపీఏ ఇవ్వకూడదు. అది యురేనియంను సరిగా పట్టుకోదు, మూత్రపిండాల్లోకి తీసుకెళ్లి అక్కడ వదిలేసే ప్రమాదం ఉంది. సహజ యురేనియం చేసే ప్రధాన హాని కూడా కిరణాల వల్ల కాదు, విషంగా మూత్రపిండాల మీద.

యురేనియం ఒక్కసారిగా ఎక్కువగా ఒంట్లోకి పోయినప్పుడు ఇచ్చే మందు సోడియం బైకార్బొనేట్. తుమ్మలపల్లె ఖనిజం సున్నపు జాతి రాయిలో ఉంది. ఆమ్లం పోస్తే రాయే దాన్ని తాగేస్తుంది. అందుకని అక్కడి కర్మాగారంలో సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో ఒత్తిడి, వేడి కింద యురేనియంను రాయి నుంచి కరిగిస్తారు. కార్బొనేట్‌తో కలిసిన యురేనియం నీటిలో కరిగే ఉంటుంది. రోగి మూత్రపిండంలోనూ జరిగేది ఇదే. మూత్రం ఆమ్లంగా ఉంటే యురేనియం బైకార్బొనేట్‌ను వదిలి మూత్రనాళికల గోడకు అతుక్కుంటుంది. బైకార్బొనేట్ ఎక్కించి మూత్రాన్ని క్షారంగా ఉంచితే అతుక్కోకుండా కొట్టుకుపోతుంది. దీనికీ ఖనిజాల లెక్క ఉంది: రక్తం క్షారమయ్యేకొద్దీ పొటాషియం తగ్గుతుంది, పనిచేసే కాల్షియం తగ్గుతుంది, రెండింటినీ పదేపదే కొలవాలి. ఒక వార్డులో, వైద్యుడు పక్కన ఉండగా, ప్రమాదానికి గురైన ఒక కార్మికుడికి చేసే పని ఇది. ఏళ్లుగా కొంచెం కొంచెంగా బోరు నీళ్లలో తాగే ఊరికి ఇది చికిత్స కాదు.

ఆ ఊరికి ఏం చేయాలో శరీరమే చెబుతోంది. నీళ్లతో తాగిన యురేనియంలో నూటికి ఒకటి రెండు వంతులే రక్తంలో చేరతాయి. చేరినదాంట్లో ఎక్కువ భాగం రోజు తిరిగేలోపే మూత్రంలో వెళ్లిపోతుంది. రోజూ మళ్లీ తాగుతుండటం వల్లనే అది నిలుస్తుంది. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, 60 దాటకూడదని మన అణుశక్తి నియంత్రణ మండలి చెబుతున్నాయి. వేముల మండలంలో ఏ బోరులో ఎంతుందో ఏటా కొలిచి ఆ అంకెను ఆ బోరు దగ్గరే బోర్డు మీద రాయాలి. దాటినచోట ఆ బోరు ఆపి వేరే నీళ్లు పైపులో తేవాలి. అక్కడ ఏళ్లుగా తాగినవాళ్లకు మూత్రంలో ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్ ఉచితంగా చూడాలి. ఈ పరీక్షలు మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఇప్పుడున్న పరికరాలతోనే మొదలుపెట్టగల పనులు. యురేనియం ఒక్కటే బయట ప్రయోగశాలకు పంపి కొలిపించాలి.